ఒక్క రౌండు వేసొస్తా

చిక్కడపల్లి, హైదరాబాద్
జూన్ రెండో వారం

అక్కా,

నీ గొంతుకు డాక్టర్ తాళం వేశాడని బావ ఫోన్‌లో చెబితే మొదట నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు చెప్పి, ఇంట్లో బావకు చెప్పి, పెళ్ళిళ్ళలో కలిస్తే మా అందరికీ చెప్పిన దమయంతి టీచర్ కొన్ని నెలలపాటు నోరు విప్పకూడదట! ఫోన్ అద్దం మీద వేలితో పొడుస్తూ రాయడం నీకు చేతకాదు కనక ఉత్తరాలు రాయమని హుకుం జారీ చేశావట. రాయక ఛస్తానా? ఇదిగో మొదటిది.

నిన్ను మాట్లాడొద్దన్న డాక్టర్ల జాతే నన్ను కదలమంది. ఆఫీసువాళ్ళు చేయించిన పరీక్షలో షుగర్ గడప దాకా వచ్చి నిలబడిందట. "శ్రీపతిగారూ, చిక్కడపల్లిల ఇల్లు, బషీర్‌బాగ్‌ల ఆఫీసు, నడుమ స్కూటర్. అసలు మీ కాళ్ళు నేల మీద ఎప్పుడు పెడ్తున్నరు?" అన్నాడు డాక్టర్. సరేనని ఇందిరా పార్కులో నాలుగు రోజులు నడిచాను. అక్కడ ప్రతి పెద్దమనిషీ తన అల్లుడి గొప్పలు చెప్పడానికే నడుస్తాడు. నాకు ఊపిరాడలేదు. నడక మానేసి సైకిల్ కొన్నాను.

నవ్వకు. రచన నీ వంతు కూడా నవ్వేసింది. హెల్మెట్ పెట్టుకుని గదిలోంచి బయటికి రాగానే, "ఏందండీ, తలకాయ మీద తర్బూజ పెట్టుకున్నరు" అంది. పుచ్చకాయట! రమ్య ఫోటో తీసి కాలేజీ స్నేహితులందరికీ పంపింది.

మొదటి రోజు నారాయణగూడ ఫ్లైఓవర్ కింద కుక్కలు తరిమాయి. వాటిని తప్పించుకోబోయి ఇడ్లీ బండి ముందు పడ్డాను. బండాయన చట్నీ గరిటె చేతిలో పట్టుకునే, "సార్, ముందుగాల ఇడ్లీ పెట్టాల్నా, పట్టీ కట్టాల్నా?" అని అడిగాడు. రెండూ చేయించుకున్నాను.

కానీ అక్కా, తెల్లవారుతుండగా ట్యాంక్‌బండ్ మీదికి చేరితే నీళ్ళ మీంచి ఓ గాలి వస్తుంది చూడు! ఫైళ్ళు, మీటింగులు, షుగర్ ఏవీ గుర్తుకు రావు. నలభై ఎనిమిదేళ్ళ వాణ్ణి, ఎవరూ చూడట్లేదని ఖాయం చేసుకుని ఒక్క క్షణం రెండు చేతులూ వదిలేశాను. ఆ ఒక్క క్షణం కోసం రోజంతా ఎదురుచూస్తున్నాను.

నీ తమ్ముడు
శ్రీపతి


హనుమకొండ
జూలై

శ్రీపతీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. చప్పుడు రాకుండా నవ్వడం ఎంత కష్టమో నీకు తెలియదు. మీ బావ పరుగెత్తుకొచ్చి, దగ్గు వస్తోందా అని నీళ్ళిచ్చారు.

ఇక్కడి సంగతి విను. మొదటి వారం మీ బావ పండగ చేసుకున్నారు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎవరూ అడ్డు రాకుండా చదివారు. రెండో వారం వంటింట్లోకి వచ్చి, "కూరల ఉప్పు ఎక్కువైందంటవా?" అని అడిగారు. తల ఊపాను. "జర ఏమన్న అనరాదు" అన్నారు పాపం. తిట్లు లేక మనిషి చిక్కిపోతున్నారు.

సైకిల్ మంచిదే. తొక్కు. నీ మొహంలో ఆఫీసు తప్ప ఇంకోటి చూసి ఎన్నాళ్ళయిందో! అయితే ఇడ్లీ బండికి కాస్త దూరంగా పడు. రచన ఏం చేస్తోంది? వాళ్ళ లైబ్రరీలో ఆడవాళ్ళంతా కలిసి నాటకం వేస్తారని ఆ మధ్య అంది. నిజమేనా? నీ జవాబులో నాలుగు వాక్యాలు ఆమె గురించి ఉండాలి. ఇది హోంవర్క్.

అక్క


చిక్కడపల్లి
సెప్టెంబర్

అక్కా,

షుగర్ గడప దిగి వెళ్ళిపోయింది! డాక్టర్ రిపోర్టు చూసి నా చేయి పట్టుకుని ఊపాడు. పాత ప్యాంట్లన్నీ జారిపోతుంటే సుల్తాన్ బజార్ వెళ్ళి కొత్తవి కొన్నాను. ఆఫీసులో లిఫ్ట్ ఎక్కడం మానేశాను. నేను మెట్లెక్కుతుంటే జూనియర్లు పక్కకు తప్పుకుంటున్నారు.

ఇప్పుడు ఒంటరిగా కాదు, గుంపుగా వెళుతున్నాం. హిమాయత్‌నగర్‌లో బట్టల దుకాణమున్న నగేష్ అని ఒకాయన మా నాయకుడు. ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఎవరు ఎంత తొక్కారో, ఎంత వేగంతో తొక్కారో అందరికీ కనిపిస్తుంది. మనం తొక్కితే వాళ్ళు మెచ్చుకుంటారు, వాళ్ళు తొక్కితే మనం మెచ్చుకోవాలి. ఒక రోజు మానితే వరస తెగిపోతుంది. నాది ఇంతవరకూ తెగలేదు. వర్షంలో కూడా తొక్కాను. భువనగిరి దాకా వెళ్ళి కోట చూసి వెనక్కి వచ్చాం. నిజానికి కోట చూడలేదు, కింద ఫోటో దిగాం. ఆగితే సగటు వేగం పడిపోతుంది.

సైకిల్ లేని సమయంలో పరుగు కూడా మొదలుపెట్టాను. భోజనం చేసి కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. "ఒక్క రౌండు వేసొస్తా" అని లేస్తాను. కుడికాలి ముందు వైపు ఎముక కొంచెం లాగుతోంది. కొత్త బూట్లు కదా, సర్దుకుంటుంది.

మొన్న రచన తమ్ముడి గృహప్రవేశం. ఉప్పల్ అవతల. వాళ్ళంతా కారులో వెళ్ళారు, నేను సైకిల్ మీద వెళ్ళాను. ఆ బిగుతు నిక్కరుతో సత్యనారాయణ వ్రతంలో కూర్చోకూడదన్నారు. బయట నిలబడి ప్రసాదం తిని వచ్చేశాను. రచన కొంచెం గుస్సా అయింది. రెండు రోజుల్లో అదే పోతుంది.

నీ గొంతు ఎలా ఉంది?

శ్రీపతి


హనుమకొండ
అక్టోబర్

శ్రీపతీ,

హోంవర్క్ తప్పావు. రచన గురించి నాలుగు వాక్యాలు అడిగితే రెండే రాశావు. నగేష్ గుంపుకు అంతకంటే ఎక్కువ దక్కాయి.

చిక్కావు, షుగర్ తగ్గింది, సంతోషం. కానీ భువనగిరి దాకా పోయి కోట చూడకుండా వచ్చానని గొప్పగా రాశావే, అక్కడ నాకు ముల్లు గుచ్చుకుంది. ఎరుపు పెన్ను ఉంటే కింద గీత గీసేదాన్ని.

నా సంగతి చెబుతాను, ఎవరితో అనకు. డాక్టర్ నా మౌనాన్ని ఇంకొన్నాళ్ళు పొడిగించాడు. తప్పు నాదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో గుసగుసగా పాఠం చెప్పాను. ఒక్క పద్యమే కదా అనుకున్నాను. తరువాత ఇంకొకటి. గొంతు మంట పుట్టినా ఆపలేదు. బయటికొచ్చి మీ బావ ముందు ఏమీ ఎరగనట్టు తల ఊపుతూ నిలబడ్డాను. అప్పుడు నాకు నేనే వింతగా తోచాను తమ్మీ. గొంతు పోతోందని తెలుసు. అయినా మాట ఆగలేదు.

ఎందుకు రాశానో నీకు తెలుస్తుంది. కాలు డాక్టర్‌కు చూపించు.

అక్క


చిక్కడపల్లి
నవంబర్

అక్కా,

చూపించాను. ఎముకలో సన్నని చీలిక మొదలవుతోందట, నెలన్నర కాలు కదపొద్దట. ఆ డాక్టర్ పొట్ట చూస్తేనే తెలుస్తుంది, జన్మలో ఆటస్థలం తొక్కినవాడు కాదు. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా అదే అన్నాడు. నగేష్ గుంపులో ఒకాయన మాత్రం పట్టీ బిగించి తొక్కితే అదే అతుక్కుంటుందన్నాడు. అనుభవం ఉన్నవాళ్ళ మాట వేరు కదా. బాల్కనీలో స్టాండు మీద సైకిల్ బిగించి, ఇంట్లోనే కొంచెం తొక్కుతున్నాను. అది బయట తొక్కడం కిందికి రాదు.

నాకర్థం కానిది ఒకటే. నేను తాగను, పేకాడను, సిగరెట్ ముట్టను. పొద్దున్నే లేచి ఒళ్ళు వంచుతాను. దీనికి ఇంట్లో ఇంత రాద్ధాంతం ఎందుకు? రమ్య పరీక్షలకు చదువుకోవాలట, స్టాండు గరగర వల్ల చదవలేకపోతోందట. చెవుల్లో దూది పెట్టుకొమ్మన్నాను.

నువ్వు అడిగావు కనక రాస్తున్నాను. రచన నాటకం పోయిన శనివారం సాయంత్రం గానసభలో అయింది. మనింటి నుంచి నడిచిపోయేంత దూరమే కదా. చాలా బాగా చేసింది. హాలంతా చప్పట్లు. నేనూ గట్టిగా కొట్టాను. చాలా?

నీ పద్యం సంగతి చదివాను. అది వేరు, ఇది వేరు.

శ్రీపతి


హనుమకొండ
నవంబర్ చివర

శ్రీపతీ,

ఏ సన్నివేశానికి చప్పట్లు కొట్టావు?

నేను ఆ హాల్లో ఉన్నాను.

రచన పిలిచింది. నీకు చెప్పొద్దని, వచ్చి ఆశ్చర్యపరుస్తానని నేనే రాసి పంపాను. రమ్య బస్టాండుకు వచ్చి తీసుకెళ్ళింది. వెనక వరసలో కూర్చున్నాను. మూడో వరసలో నడవా పక్క కుర్చీ మీద రమ్య తన చున్నీ పరిచి నీ కోసం కాపాడింది. ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. "మా డాడీ వస్తున్నడు, రోడ్డు మీదున్నడు" అని ప్రతిసారీ చెప్పింది. లైట్లు ఆర్పారు. చున్నీ అలాగే ఉంది.

నీకు కథ తెలియదు కనక చెబుతాను. ఇల్లు కిరాయికి ఇవ్వడానికి ఒప్పుకోని ముసలమ్మ వేషం రచనది. వచ్చిన ప్రతివాడికీ ఏదో వంక పెట్టి పంపేస్తుంది. ఒకడి మీసం బాగాలేదంటుంది, ఒకడి పేరు పొడుగంటుంది. జనం పడీ పడీ నవ్వారు. చివర్లో ఎవరూ రారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తుంది. ఏమీ మాట్లాడదు. హాల్లో ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. ఇరవై మూడేళ్ళుగా నా మరదలు ఎవరో నాకు తెలుసనుకున్నాను. తెలియదని ఆ సాయంత్రం తెలిసింది.

తెర పడేముందు అందరూ వరుసగా నిలబడి దండం పెట్టారు. రచన చూపు మూడో వరసకు వెళ్ళింది. ఒక్కసారే. తరువాత నవ్వుతూనే ఉంది.

ఆ రాత్రి మీ ఇంటికి రాలేదు. నిన్ను చూస్తే అరవకుండా ఉండలేను, అరిస్తే గొంతు పూర్తిగా పోతుంది. హిమాయత్‌నగర్‌లో నా స్నేహితురాలు అరుంధతి ఇంట్లో పడుకుని పొద్దున బస్సెక్కాను. నువ్వు నిజం రాస్తావేమో చూద్దామని ఆగాను. రాలేదని రాస్తే తిట్టేసి ఊరుకునేదాన్ని. చప్పట్లు కొట్టానని రాశావు.

అక్క


చిక్కడపల్లి
డిసెంబర్

అక్కా,

నీ ఉత్తరం అందింది. చదివి ఏం చేశానో తెలుసా? సైకిల్ తీశాను.

సిగ్గేసింది, కోపమొచ్చింది, రెండూ కలిసి కాళ్ళలోకి దిగాయి. ఆ సమయంలో నాకు తెలిసిన మందు అదొక్కటే. రచన గుమ్మంలో నిలబడి, "కాలు వాచింది, కనవడ్తలేదా?" అంది. "ఒక్క రౌండు వేసొస్తా" అన్నాను.

అశోక్‌నగర్ మీదుగా తిరిగి నారాయణగూడ చౌరస్తాకు వచ్చేసరికి ఎర్ర లైటు పడింది. బ్రేకు వేసి కుడికాలు కింద పెట్టాను. కాలు లేదు. అంటే, ఉంది, కానీ నన్ను మోయలేదు. ఎండుపుల్ల విరిగినట్టు లోపల చప్పుడు వినిపించింది. పక్కకు ఒరిగిపోయాను. వెనక సిటీ బస్సు. బ్రేకుల కీచు విన్నాను కానీ కళ్ళు తెరవలేదు. తెరిచేసరికి బస్సు చక్రం నా హెల్మెట్‌కు జానెడు దూరంలో ఉంది.

డ్రైవర్ దిగొచ్చాడు. "ఏం సావుకొచ్చినవన్నా! నీకేమన్నైతే నేను జైల్ల కూసోవాల్నా? నాకు పిల్లలు లేరా?" అని అరిచి, చివరికి రోడ్డు మీదే చతికిలబడి నీళ్ళడిగాడు. అశోక్‌నగర్ హాస్టల్ కుర్రవాళ్ళు, పరీక్షలకు చదివేవాళ్ళు, పుస్తకాలు ఫుట్‌పాత్ మీద పడేసి వచ్చి నన్ను ఎత్తారు. "అంకుల్, కాలు కదపకుండ్రి. ఇంటోళ్ళ నంబర్ చెప్పుండ్రి" అన్నాడు ఒకడు. భానుప్రకాశ్ అట, సిరిసిల్ల దగ్గరి ఊరు. ఆసుపత్రి దాకా ఆటోలో నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రచన ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. ఒకే కాలికి చెప్పుంది. రెండోది ఎక్కడో జారిపోయినట్టుంది. ఆమెను చూడగానే నేనన్న మొదటి మాట ఇది, దాచకుండా రాస్తున్నాను: "ఫోన్ ఎక్కడున్నది? రౌండు సేవ్ అయిందా చూడు."

రచన ఏడవలేదు, తిట్టలేదు. నర్సు దగ్గర నా ఫోన్ తీసుకుని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "మీతోని నేను ఉంటున్న. మీరే ఉంటలేరు" అంది. వెళ్ళి బయట బెంచీ మీద కూర్చుంది.

ఇప్పుడు నాటకం రోజు సంగతి. నిజంగానే ఒక్క రౌండు వేసి వద్దామని బయలుదేరాను. చొక్కా ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టాను కూడా. లిబర్టీ చౌరస్తా దగ్గర కాలు పట్టేసి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. ఇంతవరకైతే నీకు చెప్పుకోగలిగేవాణ్ణే. కానీ నొప్పి తగ్గాక లేచి నేరుగా గానసభ ముందు నుంచే వచ్చాను అక్కా. లోపల జనం నవ్వుతున్నారు. గేటు దగ్గర ఒక కాలు కింద పెట్టి నిలబడి ఆ నవ్వు విన్నాను. చెమట బట్టలైతేనేం, వెనక నిలబడి చూడొచ్చు. యాప్ చూసుకున్నాను. ఆ రోజు లెక్కకు ఇంకా కొంచెం తక్కువుంది. పెడల్ తొక్కి వెళ్ళిపోయాను.

ఎందుకు వెళ్ళిపోయానో ఇప్పటికీ తెలియదు. మొదట్లో ట్యాంక్‌బండ్ మీద కలిగిన ఆ సంతోషం వచ్చి నెలలైంది. అయినా తొక్కుతూనే ఉన్నాను. నువ్వు నల్లా తిప్పుకుని చెప్పిన పద్యమూ నా రౌండూ ఒకటే.

కాలికి రాడ్డు వేశారు. మంచం మీద ఉన్నాను.

శ్రీపతి


హనుమకొండ
డిసెంబర్

తమ్మీ,

బస్సు చక్రం దగ్గర చదవడం ఆపి, కాసేపు బయట తిరిగి వచ్చి మిగతాది చదివాను. మీ బావకు చూపించలేదు. ఆయన గుండె నీ కాలంత గట్టిది కాదు.

నిన్ను తిట్టే ఉత్తరం ఇదివరకే రాశాను. ఇప్పుడు తిట్లు లేవు. నిజం రాశావు, అది నీ కాలు విరిగినదానికంటే కష్టమని నాకు తెలుసు.

డాక్టర్ కొంచెం కొంచెం మాట్లాడమన్నాడు. రేపు ఫోన్ చేయగలను, కానీ చేయను. ఫోన్‌లో నువ్వు "అంత మంచిగనే ఉన్న అక్కా" అంటావు. కాగితం మీద ఆ మాట రాయడానికి నీకే సిగ్గేస్తుంది.

రెండే మాటలు. ఒకటి, కాలికి డాక్టర్ దొరికాడు, మనసుకూ ఒకరిని వెతుక్కో. ఇది పిచ్చి కాదు, కానీ దానంతటదే పోయేదీ కాదు. రెండు, రచనను నీ నర్సును చేసుకోకు. జావ కాచి ఇచ్చినంత మాత్రాన క్షమించిందనుకోకు.

అక్క


చిక్కడపల్లి
మార్చి

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నాను. మొదటి నెలలు రాయదగ్గవి కావు. నిద్ర పట్టేది కాదు, రమ్య మీద ఊరికే అరిచేవాణ్ణి. అందరూ బయటికి వెళ్ళాక మంచం మీద కూర్చునే బియ్యం సంచి తలమీదికి ఎత్తి దించుతుంటే రచన తిరిగొచ్చి చూసింది. సంచి తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి, "అన్నం వండనీకె కొన్నం" అని మాత్రం అంది. నీ మాట నిజమే, ఆమె నా పక్కన కూర్చోలేదు. వంట చేసి పెట్టి రిహార్సల్‌కు వెళ్ళిపోయేది. ఇంకో నాటకం ఒప్పుకుంది. ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చోవడమంటే ఏమిటో ఆ సాయంత్రాల్లో నేర్చుకున్నాను.

రత్నమాలగారని మనసు డాక్టర్ దగ్గరికి వెళుతున్నాను. కర్ర పట్టుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు, "ఎన్నిరోజులల్ల తగ్గుతది మేడం? టార్గెట్ చెప్పుండ్రి" అన్నాను. ఆమె నవ్వేసి, "ఇంకా సైకిల్ దిగలేదు మీరు" అంది. యాప్ తీసేశాను. నగేష్ ఫోన్ చేసి, "గుంపుల మీరు లేక మజా వస్తలేదన్నా" అన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఇప్పట్లో రానని చెప్పాను.

ఎముక అతుక్కుంది. మెల్లగా తొక్కుకోవచ్చన్నారు. రత్నమాలగారి షరతు ఒకటే: ఎక్కడికి వెళుతున్నానో, ఎప్పుడొస్తానో ఇంట్లో నిజం చెప్పి బయలుదేరాలి.

మొన్న ఆదివారం పొద్దున రచన పాలు లేవంది. నేను తెస్తానని సైకిల్ తీశాను. పాలబూత్ వీధి చివరే. దాన్ని దాటేశాను. హిమాయత్‌నగర్ రోడ్డు ఖాళీగా ఉంది, గాలి చల్లగా ఉంది, కాళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయి. లిబర్టీ దాకా వచ్చేశాను. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో అప్పటికే తయారైపోయింది. బూత్ దగ్గర పెద్ద లైను, నా ముందు ఒక ముసలాయన, ఆయన దగ్గర చిల్లర లేదు, బూత్ అబ్బాయికీ ఆయనకూ వాదన. ముసలాయనకు కళ్ళద్దాలు కూడా పెట్టాను. లేని మనిషి అంత చక్కగా కళ్ళముందు నిలబడేసరికి భయమేసింది. సైకిల్ తిప్పాను.

రచన తలుపు తీసింది. ఆమె ఏమీ అడగకముందే చెప్పేశాను. పాలకని చెప్పి లిబర్టీ దాకా వెళ్ళానని, అబద్ధం కూడా తయారుచేసుకున్నానని, ముసలాయన సంగతితో సహా.

వెనక పొయ్యి మీద డికాక్షన్ మరుగుతోంది.

"చెప్పిన్రు, మంచిగైంది" అంది. "మరి పాలేవి?"

అక్కా, నేను పాలు తేలేదు!

ముందు రమ్య నవ్వింది. తరువాత రచన గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి. సైకిల్ గోడకు ఆనించి, సంచి తీసుకుని నడుచుకుంటూ బూత్‌కు వెళ్ళాను. సగం దారిలో వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. "జర నిమ్మళంగ నడువుండ్రి, నేనూ వస్తున్న" అంది రచన.

ఆగాను.

శ్రీపతి